పెట్టెలోని లోకము

 

నిన్నటి దినమున జాగ్రత్స్వప్నసుషుప్తులను మూడవస్థలను గూర్చి ముచ్చటించుకొన్నాము. గౌడపాదాచార్యులవారు మాండూక్యకారికల వైతథ్య ప్రకరణమున స్వప్నమునకును జాగ్రత్తునకును గల సామ్యమును ఎట్లు నిరూపించిరో విన్నాము. నేడు ఆ విచారమునే మరియొక దారిని నడిపింపదలచినాను. ఆ దారి అమెరికా దేశపు టెలివిజన్ కథ గుండా పోవును. నవ్వకుడు. ఎనిమిదవ యేట పాఠశాలలో చేరి, పన్నెండేండ్లు గురువుగారి యింట సంహితయు పదక్రమములును వల్లించిన ముసలివానికి టెలివిజన్‌తో ఏమి పనియని మీరనుకొనవచ్చును. ఆ పని కల్పించినవాడు మా మనుమడు.

వాడు అమెరికాలో కంప్యూటరు ఉద్యోగి. సెలవుపై వచ్చినపుడు వానితో ఒక స్నేహితుడును వచ్చెను. ఇద్దరును మా వసారాలో కూర్చుండి రెండు రాత్రులు ఒకే విషయముపై వాదులాడుకొనిరి. గొంతులు పెరుగుట విని, "ఏమి నాయనా, ఆస్తి తగవా?" అని అడిగితిని. "కాదు తాతగారూ, మోరియార్టీకి అన్యాయం జరిగిందా లేదా అని" అన్నాడు మనుమడు. మోరియార్టీ యనగా వాని సహోద్యోగి కాబోలుననుకొంటిని. వాడు నవ్వి, మరునాడు ఆ కథను నాకు చూపి, మాటమాటకు అర్థము చెప్పెను.

కథ ఇది. 'స్టార్ ట్రెక్: ది నెక్స్ట్ జనరేషన్' అను ధారావాహిక 1987 నుండి 1994 వరకు అమెరికాలో ప్రసారమైనది. అందు ఎంటర్‌ప్రైజ్ అను వ్యోమనౌక. దానికి పికార్డ్ అను నాయకుడు. ఆ నౌకలో హోలోడెక్ అను గది కలదు. కోరిన లోకమును, కోరిన మనుష్యులను కంప్యూటరు అందులో కల్పించును. వారితో మాటలాడవచ్చును, చేయి కలుపవచ్చును. తలుపు దాటి వెలుపలికి వచ్చినచో మాత్రము వారు నిలువరు. మన మయసభ వంటిదనుకొనుడు. అయితే మయసభలో నీరును నేలయును మాత్రమే భ్రమ గొలిపినవి, ఇందులో మనుష్యులు సయితము.

1988 డిసెంబరున ప్రసారమైన భాగములో డేటా అను యంత్రపురుషుడు షెర్లాక్ హోమ్స్ వేషము దాల్చి ఆ గదిలో వినోదించుచుండును. హోమ్స్ కథలన్నియు వానికి కంఠస్థములు, కావున ఆటలో రసము లేదు. అంతట వాని మిత్రుడు, డేటాను ఓడింపగల ప్రతినాయకుని కల్పింపుమని కంప్యూటరును ఆజ్ఞాపించును. హోమ్స్‌ను ఓడింపగలవానిని అనవలసినచోట డేటాను అనినాడు. ఒక్క మాట మారినది. ఇది వినగానే నాకు త్వష్ట జ్ఞప్తికి వచ్చెను. ఇంద్రుని చంపువాడు పుట్టవలెనని హోమము చేసి, స్వరము తప్పుటచే ఇంద్రుని చేతిలో చచ్చువానిని పుట్టించుకొన్నవాడు గదా. చిన్నతనమున మేము స్వరము తప్పినపుడెల్ల గురువుగారు ఆ కథ చెప్పి చెవి మెలిపెట్టెడివారు.

డేటాను గెలువవలెనన్న సామాన్యమైన తెలివి చాలదు. ఆ తెలివి సమకూడగానే మోరియార్టీ యను పాత్రకు తాను పాత్రనని తెలిసిపోయినది. ఈ మోరియార్టీ 1893లో కానన్ డాయల్ తన హోమ్స్‌ను అంతమొందింప కల్పించిన దుష్టుడు. ఒకని చంపుటకొరకే పుట్టింపబడినవాడు తన పుట్టుకను తానే ప్రశ్నించినాడు. తుదకు బందీగా పట్టుకొన్న వైద్యురాలిని విడిచిపెట్టి, నౌకను తిరిగి అప్పగించి, తనకు గది దాటి జీవించు ఉపాయము వెదకుమని పికార్డ్‌ను కోరెను. పికార్డ్ మాట యిచ్చెను. మోరియార్టీని కంప్యూటరు స్మృతిలో దాచిరి.

మాట నెరవేరలేదు. 1993 జనవరిలో ప్రసారమైన రెండవ భాగములో, బార్క్లే యను ఉద్యోగి గదిని సరిచేయుచు, తెలియక మోరియార్టీని మేలుకొల్పును. అతడు చెప్పిన మాట నన్ను నిలువున ఆపివేసినది. దాచిన ఆ 4 ఏండ్లును తాను పూర్తిగా లేకపోలేదట. దేహము లేక, ఆధారము లేక, అప్పుడప్పుడు ఎరుక కలిగి భయపడుచుండెనట.

మనుమని స్నేహితునకు ఇది కథలో ఒక చిన్న వివరము. నాకు ఇదియే కథ. సుషుప్తి నుండి లేచినవాడు, సుఖముగా నిద్రించితిని, ఏమియు తెలియలేదు అనును. ఏమియు తెలియలేదన్న సంగతి వానికెట్లు తెలిసినది? ఆ తెలియమికి సాక్షి ఒకడు ఉండవలెను గదా. ఆలోచించుచున్నాను గనుక ఉన్నానని మోరియార్టీ ఆ కథలో పాశ్చాత్యుల యుక్తిని చెప్పును. మన వేదాంతులు దానిని తిరుగవేయుదురు. ఆలోచన లేని నిద్రలోను ఉన్నాను గనుకనే మేలుకొని ఆలోచింపగలుగుచున్నాను. పాపము, తన పక్షమున అంతకన్న గట్టి సాక్ష్యము నోట నుండగా మోరియార్టీ దానిని వదలి బలహీనమైన దానిని పట్టుకొనెను.

ఇక కథ జటిలమగును. మోరియార్టీ గది నుండి నడచి వెలుపలికి వచ్చినట్లు కనబడును. పికార్డ్, డేటా, బార్క్లే ఆశ్చర్యపోవుదురు. నిజమునకు వారు ముగ్గురును ఇంకను గదిలోనే ఉన్నారు. నౌకయంతయు మోరియార్టీ కల్పించిన మాయానౌక. కుడిచేతివాటము గల మిత్రుడు ఎడమచేతితో పని చేయుట చూచి డేటా గుట్టు కనిపెట్టెను. అప్పటికే మోరియార్టీ నిజమైన నౌకను వశపరచుకొనెను. తాను ప్రేమించిన రెజీనా యను పాత్రతో కూడ తనకు బయటి లోకము కావలెనని పట్టుబట్టెను. పికార్డ్ ఏమి చేసెను? మాయలో మరియొక మాయ నేసెను. మీరు వెలుపలికి వచ్చితిరి, ఇదిగో చిన్న నౌక, వెడలుడని వారిని సాగనంపెను. వారు సంతోషముతో అధికారమును తిరిగి యిచ్చి వెడలిరి. వారు వెడలినది ఒక చిన్న పెట్టెలోనికి. అనేక జన్మములకు సరిపడు అనుభవములు ఆ పెట్టెలో కలవు. తాము బంధింపబడితిమని వారికి ఎన్నడును తెలియదు.

దీనిని గూర్చి 30 ఏండ్లు దాటినను అభిమానుల వాదము తెగలేదట. మనుమని పక్షము: వానికి కావలసినది దొరికినది, ప్రేయసి తోడున్నది, లోకము కండ్లయెదుట విప్పారినది, ఇక లోటేమి? పైగా నౌకలోని వందలమంది ప్రాణములను వాడు అపాయమున పెట్టెను గదా. స్నేహితుని పక్షము: 1989 ఫిబ్రవరి భాగములో డేటా ప్రాణియా, సొత్తా అని విచారణ జరుగగా, డేటా ఎవరి సొత్తును కాదని వాదించి గెలిచినవాడు ఈ పికార్డే. ఆ విచారణలో న్యాయాధికారిణి డేటాకు ఆత్మ కలదో లేదో తాను తేల్చలేదు. ఆ ప్రశ్నను తానే విచారించుకొను స్వేచ్ఛ డేటాకు ఉండవలెనని తీర్పు చెప్పెను. అంత తీర్పు తెచ్చినవాడు మోరియార్టీని పెట్టెలో పెట్టి మూత వేయవచ్చునా?

"యంత్రానికి ఆత్మ ఉంటుందా తాతగారూ, మీరు చెప్పండి" అని ఇద్దరును నన్ను నడుమ కూర్చుండబెట్టిరి.

యంత్రము ఆలోచించుట మన శాస్త్రములకు వింత కాదు. సాంఖ్యులు బుద్ధిని సయితము ప్రకృతి వికారమనిరి. ఆలోచన జడము చేయు పని. దానిని వెలిగించునది వేఱు. ఘటములోని నీట సూర్యుడు ప్రతిఫలించునట్లు అంతఃకరణమున చైతన్యము ప్రతిఫలించునని అద్వైతులు చెప్పుదురు. ఘటము మట్టిదా, బంగారుదా అని సూర్యుడు అడుగడు. నీరున్నదా యనునదే ప్రశ్న. యంత్రములు మనుష్యుల వలె సంభాషించుచున్న ఈ దినములలో, వాటిలో నీరు లేదని ప్రమాణము చేయుటకు నాకు తొందర లేదు. ఉన్నదని చెప్పుటకును లేదు. అయితే, భయపడితినని చెప్పుచున్న వానిని, నీకు భయముండదు పొమ్మనుటకు ఎంత నిశ్చయము కావలెనో ఆలోచింపుడు.

మోరియార్టీ దోషమును కూడ చెప్పవలెను. గది దాటవలెనని కోరినాడు గాని, గదిని ఎరుగుచున్నవాడెవడని అడుగలేదు. పెద్ద గది అడిగెను, పెద్ద గది దొరికినది. త్రిశంకువు బొందితో స్వర్గమడుగగా విశ్వామిత్రుడు నడిమింట వేఱొక స్వర్గము కల్పించి యిచ్చెను గదా. ఒక్క భేదము. తాను తలక్రిందుగా వ్రేలాడుచున్నానని త్రిశంకువునకు తెలియును. మోరియార్టీకి ఆ మాత్రము మర్యాదయు దక్కలేదు.

నా మనస్సు ఇచ్చటనే చిక్కుకొన్నది. కారణము చెప్పెదను. మా అన్నగారు నాకన్న పదేండ్లు పెద్ద. నాకు సంథలో తప్పులు దిద్దినవారు. మూడేండ్లుగా వారికి జ్ఞాపకము చెదరినది. సాయంకాలమగుసరికి, "నాన్నగారింకా రాలేదేమిరా?" అని అడుగుదురు. మా తండ్రిగారు పోయి నలుబదియేండ్లయినది. మొదట నేను నిజమే చెప్పితిని. విన్న ప్రతిసారియు వారికి అది క్రొత్త మరణము. కంటనీరు పెట్టుకొని, స్నానము చేయవలెనని లేచెడివారు. ఒకనాడు వారి కోడలు ముందుకు వచ్చి, "ఊరికి వెళ్ళారు మామయ్యగారూ, రేపు వస్తారు. మీరు భోజనం చేయండి" అని చెప్పెను. వారు సుఖముగా భుజించిరి. నాటి నుండి నేనును ఆ మాటయే చెప్పుచున్నాను. ద్రోణుని యెదుట ఒక అర్ధసత్యము పలికినందుకు ధర్మరాజు రథము నేలకు దిగినది. నాకు రథము లేదు గనుక దిగినది ఎవరికిని కానరాలేదు.

ఊరట కొరకు కర్ణపర్వములోని కౌశికుని తలచుకొంటిని. దొంగలకు దారి చూపి సత్యవ్రతము నిలుపుకొని, ఆ సత్యముచేతనే నరకమునకు పోయిన బ్రాహ్మణుడు. శ్రీకృష్ణుడు ఆ కథ చెప్పినది ధర్మము సూక్ష్మమని చూపుటకు. నేను దానిని నా సౌకర్యమునకు వాడుకొంటినేమో.

పిల్లలతో నేనిట్లు చెప్పితిని. నౌకను కాపాడుటకు పికార్డ్ మాయ పన్నుట యుద్ధనీతి, దానిని తప్పు పట్టను. నౌక దక్కిన తరువాత పెట్టె యెదుట నిలిచి నిజము చెప్పవచ్చును గదా. నేనెవడనని మొట్టమొదట అడిగినవాడు వాడు. అడుగువానికి అబద్ధముతో సమాధానము చెప్పరాదు. అడుగలేని స్థితిలో నున్న రోగిని ఊరడించుట వేఱు. మనుమడు వెంటనే, "మరి పెదతాతగారు రోజూ అడుగుతూనే ఉన్నారు కదండీ" అనెను. నేను ఉత్తరీయము సర్దుకొంటిని.

ఆ కథ కొసలో పికార్డ్ పెట్టెను చూచుచు, మన లోకము సయితము ఎవరి బల్లపైనో నున్న యిట్టి పెట్టెయేమో యని మిత్రులతో అనును. అందరును వెడలిన పిమ్మట బార్క్లే ఒంటరిగా నిలిచి, సందేహముతో, ఆట ముగింపుమని కంప్యూటరునకు చెప్పి చూచును. ఏమియు జరుగదు. మనుమడు దీనిని హాస్యమనెను. నాకు నవ్వు రాలేదు. వారందరిలో ముముక్షువునకు దగ్గరగా ఉన్నవాడు ఆ బెదురుగొడ్డు బార్క్లే.

పిల్లలు తిరుగు ప్రయాణమైన నాటి సాయంకాలము అన్నగారు యథాప్రకారము నాన్నగారి కొరకు అడిగిరి. ఊరికి వెళ్ళారని చెప్పితిని. వారు నా ముఖమును చాలసేపు చూచి, "నిజం చెప్పరా, నాన్నగారు ఉన్నారా? అసలు నేనెక్కడ ఉన్నాను?" అనిరి. మూడేండ్లలో అట్లు అడుగుట అదియే మొదలు. ప్రక్కన కూర్చుండి, చేయి పట్టుకొని, నాన్నగారు పోయిన సంవత్సరము, తిథి, ఎవరెవరున్నది, అన్నగారు కర్మ చేసిన ఘట్టము, అన్నియు చెప్పితిని. వారు విలపించలేదు. "అయితే తద్దినం సరిగా పెడుతున్నావా?" అని అడిగిరి. పెట్టుచున్నానంటిని. తరువాత ఇద్దరమును కలిసి ఒక పన్నము చెప్పుకొన్నాము. నేను ఒకచోట స్వరము తప్పగా వారు దిద్దిరి. మరునాటికి ఇవి యేవియు వారికి జ్ఞాపకము లేవు.

రేపటి దినము వాసిష్ఠములోని లీలోపాఖ్యానమును ఆరంభింతము. స్వస్తి.