రోమునగరపు కాలువలు – దారిలో పోయిన నీరు
(రైతుల సభలో చదువబడిన యుపన్యాసము)



పూర్వపు రోమునగరమునకు నీరు తెచ్చిన కాలువల మాట వచ్చినప్పుడు పటములలో చూపబడునవి యెత్తైన రాతి కమానులు. అవి చూడ ముచ్చటగనే యుండును గాని కాలువలో స్వల్పభాగము మాత్రమే. క్రీ. పూ. 144వ సంవత్సరమున నారంభింపబడిన మార్సియా కాలువ పొడవు సుమారు 57 మైళ్లు. అందు దాదాపు 50 మైళ్లు నేలక్రిందనే కట్టబడినది. నీటిని పైకెత్తు యంత్రమేదియు లేదు. ఊట మొదలు నగరమువరకు వాలు తప్పకుండ నడుపుటయే పని. పల్లమున నీరు దిగజారినచో మరల నగరపు మెరకల కెక్కదు గనుక, అచ్చట మాత్రము కమానులు కట్టి వానిపై కాలువను నడిపిరి.

మొదటి కాలువ క్రీ. పూ. 312లో కట్టబడెను. క్రీ. శ. 97 నాటికి కాలువలు తొమ్మిది. ఆ సంవత్సరము నెర్వా చక్రవర్తి ఫ్రాంటినస్ అనువానిని వానిపై నధికారిగా నియమించెను. ఇతడు బ్రిటనుదేశమున గవర్నరుగా నుండినవాడే గాని నీటిపనికి క్రొత్త. అధికారి తన క్రిందివారు చెప్పినట్లెల్ల నడుచుకొనుట తగదని తలచి, తానే కాలువలను తనిఖీచేసి, కొలిపించి, దఫ్తరుతో సరిచూచెను.

దఫ్తరు ప్రకారము తొమ్మిది కాలువల రాబడి 12,755 క్వినారియాలు. అంగుళమునకు కొంచెము తక్కువ వ్యాసముగల గొట్టమున పారు నీటికి క్వినారియా యని పేరు. పంపకమైనట్లు వ్రాయబడినది 14,018. రాబడికంటె ఖర్చు 1,263 ఎక్కువ! గ్రామలెక్కలు చూచినవారెవరికైనను ఇచ్చట సందేహము కలుగక మానదు. కాలువల తలలయొద్ద కొలువగా, వచ్చుచున్న నీరు దఫ్తరులోని దానికంటె సుమారు 10,000 హెచ్చుగా తేలెను. నీటివేగమును సరిగా లెక్కించు పద్ధతి యప్పుడు లేదు గనుక ఈ యంకెలను తులతూచినట్లు నమ్మరాదు. అయినను ఇంత వ్యత్యాసము కేవలము కొలత పొరపాటని ఫ్రాంటినస్ తలపలేదు. ఊటలలో నీటికి కొరత లేదు. నీరు దారిలో పోవుచుండెను.

కాలువ ప్రక్క భూములు గలవారు గోడకు బెజ్జములు పెట్టి తోటలకు పారించుకొనుచుండిరి. నీటి నౌకరుల యుపాయము వేరు. నీటిహక్కు ఒకరినుండి మరియొకరికి మారినప్పుడు క్రొత్తవానికి క్రొత్త తూము పెట్టి, పాతదానిని మూయక విడిచి, ఆ నీటిని అమ్ముకొనుచుండిరి. సర్కారు ముద్రలేని పెద్ద తూములును కొన్ని బయటపడెను. వీధులక్రింద రహస్యముగా వేసిన గొట్టములను పెరికింపగా విశేషముగా సీసము దొరకినదట.

శాసనములు లేక కాదు. చెట్లవేళ్లు కట్టడమును చీల్చునని, కమానులకును గోడలకును ఇరుప్రక్కల 15 అడుగులు, నేలక్రింది కాలువలకు 5 అడుగులు విడువవలెనని క్రీ. పూ. 11లోనే తీర్మానింపబడెను. బుద్ధిపూర్వకముగా కాలువకు గండిపెట్టినవానికి 1,00,000 సెస్టర్సుల జుర్మానా. ఇంకొక సంగతి భూస్వాములు వినదగినది. కాలువకు వలసిన తునకను మాత్రము అమ్ముటకు సమ్మతింపని రైతునొద్ద పూర్వులు పొలమంతయు వెలయిచ్చి కొని, వలసినంత హద్దు వేసికొని, మిగిలినది మరల అమ్మివేసిరి. బలవంతముగా లాగుకొనలేదు.

టస్క్యులమ్ అను ఊరిప్రక్క క్రాబ్రా యను వాగు గలదు. అచ్చటి భూస్వాములు దాని నీటిని దినములవారీగా, ఇంతింత యని కొలతచొప్పున, వంతులు వేసికొని వాడుకొనుచుండిరి. పూర్వము అగ్రిప్పా యను నధికారి దానిని నగరమునకు మళ్లింపక వారికే విడిచెను. తరువాత నీటి నౌకరులు జూలియా కాలువకు చాలదను నెపమున దానిని త్రిప్పి, ఆ నీటితో లాభము గడించిరి. ఫ్రాంటినస్ ఆ మళ్లింపును కట్టించి, చక్రవర్తి యాజ్ఞతో వాగునంతయు టస్క్యులమువారికి తిరిగి యిప్పించెను. అలవాటులేనంత నీరు తమ పొలములకేల వచ్చుచున్నదో తెలియక వారు ఆశ్చర్యపడుచుందురేమో యని యతడు తన గ్రంథమున వ్రాసికొనెను.