చెరి సగం



చదరంగంలో ఎవరూ గెలవకపోతే 'డ్రా' అంటారు. చెరో అర పాయింటు వస్తుంది.

2025 జూలైలో జార్జియా దేశంలోని బటూమిలో మహిళల ప్రపంచ కప్ ఫైనల్ జరిగింది. ఒక వైపు మన కోనేరు హంపి. వయసు 38. చదరంగంలో పెద్ద బిరుదు గ్రాండ్‌మాస్టర్. హంపికి అది 2002లోనే వచ్చింది. రెండో వైపు నాగపూర్ అమ్మాయి దివ్యా దేశ్‌ముఖ్. వయసు 19. అప్పటికి ఆ బిరుదు లేదు. ఆటబలం చెప్పే అంకె రేటింగ్. అదీ హంపికే ఎక్కువ.

అయినా దివ్య బెదరలేదు. మొదటి రెండు ఆటలూ డ్రా! తర్వాత వేగంగా ఆడే ఆటల్లో దివ్యే గెలిచింది. కప్పూ, గ్రాండ్‌మాస్టర్ బిరుదూ అందుకుంది.

రేటింగ్ నిన్నటి ఆటల లెక్క. ఈరోజు ఇద్దరి ముందూ పదహారేసి పావులే. పత్తి మార్కెట్లో గానీ, మగ్గం కూలి దగ్గర గానీ "నాకేం తెలుసులే" అనకండి. తూకం చూడండి. చీటీ మీరే చదవండి. లెక్క అడగండి.