మానని పుండు

మా నాయనగారిది మధుమేహ శరీరము. చెప్పు కఱచిన మడమపై పొక్కు లేచి, పుండై, ఏడు మాసములు మానలేదు. గాలి సోకిన నారునని కట్టు విప్పి యెండలో కాలు చాచి కూర్చుండెడివారు. నేనును వలదనలేదు. అది పొరపాటు. తడి నిలిచిన గాయము ఆరిన గాయముకంటె సుమారు రెట్టింపు వేగముతో చర్మము గప్పుకొనునని 1962లో జార్జి వింటరు పందులపై పరిశోధించి చూపెను.

గాయము చుట్టును వాపు, ఎఱుపు, వేడి పుట్టుట కీడు కాదు. సూక్ష్మజీవులను మ్రింగుటకు తెల్లకణములు వచ్చిన గుఱుతది. పని ముగిసిన పిదప అవి శాంతింపవలయును. మధుమేహ రోగి పుండులో శాంతింపవు. అవి స్రవించు ద్రవములే క్రొత్తగా బుట్టు కండను కరగించును.

ఇచ్చట హైడ్రోజెల్ అక్కఱకు వచ్చును. తాటిముంజెవలె నీటిని పట్టియుంచు పదార్థమిది. 1960లో ప్రేగు నగరమున విఖ్టర్లె, లిమ్ అనువారు దేహమున కుపకరించు జెల్లును వర్ణించిరి. కంటిలో నుంచుకొను మెత్తని అద్దములు దాని సంతతియే. నేడు కొన్నింటిని ద్రవముగా సూదిగుండ నెక్కింతురు. దేహపు వేడికి గడ్డకట్టి, పుండెంత వంకరగా నున్నను నిండుకొని, వాపు నణచు మందును కొద్దికొద్దిగా విడుచును.

ఎలుకలపై ఫలించినవి పెక్కు. కాని, శ్రోతలారా, ఎలుక చర్మము ముడుచుకొని గాయమును మూయును. మన చర్మ మంతగా ముడుచుకొనదు. కావున మనుష్యులయందు రుజువు కావలసినవే హెచ్చు.

నాయనగారికి ఆ సూది దొరకలేదు. చక్కెర నదుపులో బెట్టి, మడమపై బరువు మోపనీయక, తడియారని కట్లు కట్టితిమి. మూడు మాసములకు మానినది. ఆ చెప్పులు నేనే పాఱవేసితిని.