ఫోటో వెనుక పేర్లు



మాది దివిసీమ. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనలో మా ఇంటి ఫోటోలన్నీ కొట్టుకొనిపోయినవి. మిగిలినది ఒక్కటే, బెజవాడలో మేనత్తగారి ఇంట ఉన్న ప్రతి. 1958లో తీసినది. నాయనమ్మ అరుగుమీద కూర్చున్నది. చుట్టూ పదకొండుమంది పిల్లలము. చొక్కాకు గుండీ లేనివాడను నేను. ఆ ఉదయమే గుండీ తెంపుకొని అమ్మచేత దెబ్బలు తిన్నాను.

వెనుక నాన్నగారు అందరి పేర్లు వ్రాసి ఉంచారు. నేను ముచ్చటపడి ఫ్రేము కట్టించాను. అట్టకు జిగురుతో అతికించుటవలన పేర్లు మరుగునపడినవి. అమ్మనడిగి వ్రాసుకొందములే అనుకొన్నాను. అడుగకముందే అమ్మ వెళ్లిపోయినది. నాయనమ్మ చెల్లెలి మనుమలు ఇద్దరు, సముద్రపు ఒడ్డున వేరొక ఊరిలో పెరిగినవారు, ఆ ఉప్పెనలోనే పోయారు. వారు ఈ ఫోటోలో ఉన్నారు. ఏ ముఖము ఎవరిదో నాకు తెలియదు.

కనుక మీ పెట్టెలలోని ఫోటోలు ఈ వారమే బయటికి తీయండి. పెద్దలను ప్రక్కన కూర్చుండబెట్టుకొని పేర్లు, ఊరు, సంవత్సరము అడగండి. వెనుక అంచున మెత్తని పెన్సిలుతో తేలికగా వ్రాయండి. సిరా ముందువైపుకు దిగుతుంది. జిగురు పూయవద్దు. ఎండ తగిలే గోడకు తగిలించవద్దు. సెల్‌ఫోనుతో రెండు వైపులా తీసి బిడ్డలకు పంపండి. ఒక ప్రతి వేరొక ఊరిలో ఉంచండి. మాకు మిగిలినది అట్టిదే.

ఆ ఫోటో తెచ్చాను. సభ ముగిసిన తరువాత దివిసీమ పెద్దలు ఒకసారి చూడండి. ఒక్క పేరు చెప్పినా మేలు చేసినవారగుదురు.