ఆగిన లారీ, క్లచ్చి మీద కాలు

  

ఈ రోజు మనం లారీ గురించి మాట్లాడుకుందాం. "లారీ సంగతి మాకెందుకు టీచరమ్మా?" అంటారేమో. మీ ఇళ్ళల్లో డ్రైవర్లు ఎంతమంది ఉన్నారు? చేతులెత్తండి. చూశారా, ఎన్ని చేతులో! ఒకరి భర్త, ఒకరి తమ్ముడు, ఒకరి కొడుకు.

ఇది మగవాళ్ళ పని అని కూడా అనుకోవద్దు. నల్లగొండ జిల్లా తండాలో పుట్టిన సరిత 2015లో ఢిల్లీలో సర్కారు సిటీ బస్సుకు డ్రైవరైంది. ఆ సంస్థలో మొదటి మహిళా డ్రైవరు ఆమే.

మా నాన్న 20 ఏళ్ళు లారీ నడిపాడు. ఆయనకు జరిగిన సంగతి చెబుతాను, వినండి.

ఒకసారి రైల్వే గేటు పడింది. నాన్న లారీ ఆపాడు. గేరు మాత్రం తియ్యలేదు. ఎడమ కాలితో క్లచ్చి తొక్కి పట్టుకుని కూర్చున్నాడు. నేల చదునే కదా అని బ్రేకు మీది కాలు తీసేశాడు. రైలు రాలేదు. పావుగంట గడిచింది. కాలు తిమ్మిరెక్కింది. వానకు చెప్పు కూడా తడిసి ఉంది.

అప్పుడే ఒకామె జామకాయల గంప ఎత్తుకుని లారీ ముందు నుంచి దాటుతోంది. నాన్న కాలు క్లచ్చి మీది నుంచి జారింది. లారీ ఒక్కసారిగా ముందుకు దూకింది. నాన్న బ్రేకు తొక్కాడు. గంప పడిపోయింది. కాయలు రోడ్డంతా దొర్లాయి. ఆమెకూ లారీకీ మధ్య జానెడు దూరమే మిగిలింది! నాన్న ఆమెకు కాయల డబ్బులు ఇచ్చాడు. కానీ ఇంటికి వచ్చాక కూడా ఆయన చేతులు వణుకుతూనే ఉన్నాయి.

ఇంతకీ క్లచ్చి అంటే ఏమిటి? మీ రెండు అరచేతులు గట్టిగా కలపండి. కుడి చెయ్యి ఇంజను. ఎడమ చెయ్యి క్లచ్చి ప్లేటు. రెండూ కలిసి ఉంటే కలిసే తిరుగుతాయి. గేరులో ఉన్న బండి కదులుతుంది. ఇప్పుడు చేతులు విడదియ్యండి. క్లచ్చి తొక్కితే ఇదే జరుగుతుంది. ఇంజను తిరుగుతుంది, బండి కదలదు.

ఇప్పుడు చేతులు కొంచెం ఆనించి గబగబా రుద్దండి. వేడి పుట్టిందా? దీన్నే హాఫ్ క్లచ్చి అంటారు. ఎత్తు మీద ఆగినప్పుడు కొందరు బ్రేకు వెయ్యరు. హాఫ్ క్లచ్చితోనే బండిని నిలబెడతారు. అప్పుడు ప్లేటు మాడిపోతుంది. మాడు వాసన వస్తుంది.

మరి పూర్తిగా తొక్కి ఉంచితే? ప్లేటు కాలదు. కానీ ప్లేటును విడదీయడానికి ఒక బేరింగు ఉంటుంది. దాని మీద బరువు పడుతూనే ఉంటుంది. అది త్వరగా అరిగిపోతుంది. మార్చాలంటే గేరు బాక్సు కిందికి దించాలి. బండి షెడ్డులో ఉంటుంది. ట్రిప్పు ఉండదు, బత్తా ఉండదు. ఆ దెబ్బ మన పొయ్యికే తగులుతుంది. డ్రైవరుకు మోకాలి నొప్పి అదనం.

మరి ఏం చెయ్యాలి? బండి ఆగగానే గేరు తీసి న్యూట్రల్‌లో పెట్టాలి. హ్యాండు బ్రేకు వెయ్యాలి. అప్పుడు క్లచ్చి మీది కాలు తియ్యాలి. చాలాసేపు ఆగాల్సి వస్తే ఇంజను కూడా ఆపాలి. డీజిలు మిగులుతుంది. గేటు లేచాక మళ్ళీ క్లచ్చి తొక్కి గేరు వెయ్యాలి. అదెంతసేపు?

ఒక్క మాట మరిచిపోకండి. న్యూట్రల్ ఆగిన బండికే. డీజిలు కలిసొస్తుందని ఘాటు దిగేటప్పుడు న్యూట్రల్ చెయ్యకూడదు. అప్పుడు ఇంజను పట్టు ఉండదు. భారమంతా బ్రేకుల మీదే పడుతుంది. బ్రేకులు బాగా వేడెక్కితే పట్టవు.

పాత అలవాటు ఒక్క రోజులో పోదు కదా! అప్పుడు మా అమ్మ రాత్రి బడిలో అక్షరాలు దిద్దుతోంది. ఒక అట్టముక్క మీద రాసి నాన్న చేతికి ఇచ్చింది. నాన్న దాన్ని లారీ అద్దం పక్కన అంటించుకున్నాడు. లారీ మానేసేదాకా అది అక్కడే ఉంది.

అమ్మ రాసింది ఇదే. పెద్దగా చదవండి. తర్వాత ఒక అట్టముక్క మీద రాసి ఇంటికి తీసుకువెళ్ళండి.

బండి ఆగింది.
గేరు తీయాలి.
హ్యాండు బ్రేకు వేయాలి.
కాలు తీయాలి.