పండగ జలుబు – బిడ్డ ఊపిరి



సంక్రాంతికి చలి ఉంటుంది. ఇంటినిండా చుట్టాలుంటారు. ఒకరి జలుబు పదిమందికి అంటుకుంటుంది. పెద్దలకు అది జలుబే. పసిబిడ్డకు నెమ్ము కావచ్చు.

జలుబు చేసినవాళ్లు చంటిబిడ్డను ముద్దాడవద్దు. దగ్గేటప్పుడు కొంగు అడ్డం పెట్టుకోవాలి. భోగిమంట పొగకు బిడ్డను దూరంగా ఉంచాలి.

బిడ్డకు దగ్గు వచ్చిందా? ఏడవకుండా ఉన్నప్పుడు పొట్ట కదలిక చూడండి. గడియారం పెట్టుకుని నిమిషంపాటు ఊపిరి లెక్కపెట్టండి.

రెండు నెలల లోపు బిడ్డకు 60,
ఏడాది లోపు బిడ్డకు 50,
ఐదేళ్ల లోపు బిడ్డకు 40.

లెక్క అంతకు చేరితే అది నెమ్ము కావచ్చు. డొక్కలు ఎగరేసినా, పాలు తాగకపోయినా ప్రమాదమే. వాతలు పెట్టకండి. పండగ వెళ్లనీ అని ఆగకండి. వెంటనే ఆసుపత్రికి తీసుకుపోండి. బండి లేకపోతే 108కి ఫోను చేయండి.

మనం అంకెలు నేర్చుకున్నాం గదా! ఆ లెక్కే బిడ్డ ప్రాణం కాపాడుతుంది.