కాంతి చాలని ఛాయాచిత్రములు

చార్మినారు కమాను క్రింద పిల్లలను నిలువబెట్టి ఫోటో తీసినపుడు ఒక చిక్కు కలుగుచుండును. వెనుక లాడ్ బజారు ఎండలో మెరయుచుండును. పిల్లలు కమాను నీడలో నుందురు. కెమెరా ఆ యెండనే ప్రమాణముగా గైకొని లోనికి వచ్చు కాంతిని తగ్గించును. బజారు చక్కగా వచ్చును గాని పిల్లల ముఖములు నల్లబడును. అట్టి ఫోటోను పారవేయ నక్కరలేదు. దానిని కొంతవరకు దిద్దుకొనవచ్చును. ఎంతవరకు అనునదే మనము తెలిసికొనవలసిన విషయము.

ఈ చిక్కు క్రొత్తది కాదు. ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారుడైన రాజా దీన్ దయాళ్ (1844-1905) కాలమున చిత్రము గాజుపలకపై పడెడిది. కాంతి చాలనిచో నెగటివు పలుచబడెడిది. దానిని పాదరస లవణములతో ముదురుచేయు పద్ధతి ఆనాటి ఛాయాచిత్రకారులకు తెలిసినదే. అయితే ఆ మందు పలకపై నున్న గుర్తును ముదురుచేయగలదు గాని, లేని గుర్తును పుట్టింపజాలదు. నేటి కంప్యూటరుకును ఇదే నియమము.

సాధారణమైన జేపెగ్ ఫోటోలో ప్రతి చుక్క వెలుగును 0 మొదలు 255 వరకు గల అంకెలతో గుర్తింతురు. 0 కటిక నలుపు; 255 తెలుపు. చీకటి ఫోటోలో అంకెలు చాలవరకు సున్న దరినే గుమిగూడును. 1996 నుండి ఉచితముగా లభించుచున్న ‘జింప్’ అను సాఫ్ట్‌వేరులో ‘లెవెల్స్’ తెరచినచో, ఈ గుంపు ఎడమవైపు గుట్టవలె కనబడును. గుట్టక్రింది మూడు త్రికోణములలో నడిమిదానిని ఎడమకు జరిపినచో, నలుపు తెలుపులు చెడక నడిమి ఛాయలు వెలుగును. మన కమాను ఫోటోలో బజారు ముందే వెలుగుచున్నది గనుక ‘కర్వ్స్’ మేలు. గీతయొక్క క్రింది భాగమును మాత్రమే కొంచెము ఎత్తి, పై భాగమును కదలనీయరాదు.

కావలసిన కాంతిలో నాలుగవ వంతే పడిన ఫోటోను మిక్కిలి ఎత్తినచో, నీడలలో ఇసుక చల్లినట్లు మచ్చలు తేలును. కెమెరాకు సౌకర్యమున్నచో ‘రా’ ఫైలును ఉంచుకొనుట మంచిది. 14 బిట్ల రా ఫైలులో 16,384 మెట్లుండును గనుక నీడలను ఎత్తుటకు ఎక్కువ వీలుండును.

ఇప్పుడు కొన్ని సాఫ్ట్‌వేరులు చీకటిలో కనబడని ముఖమును ఊహించి గీయుచున్నవి. అది చూపునకు ముచ్చటగా నుండును. కాని ఇంటిలో నాయనమ్మ ఫోటో ఒక్కటే మిగిలియున్నదనుకొందము. ఆ దిద్దుబాటులో ఆమె బుగ్గపై పుట్టుమచ్చ చెరిగి, మరియెవరి చిరునవ్వో వచ్చి చేరవచ్చును. ఆమెను చూడని మునిమనుమలు దానినే నాయనమ్మ యని నమ్ముదురు. అంతకంటె, సగము చీకటిలోనున్న నిజమైన ముఖమే మేలని మా యభిప్రాయము.

కావున దిద్దిన ఫోటోను వేరు పేరుతో దాచి, మూలమును ముట్టక భద్రపరుపవలెను. దీన్ దయాళ్ స్టూడియో గాజు నెగటివులు 2,857 నిలిచియుండుటచేతనే, 1989లో ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రము వాటిని కొని భద్రపరుపగలిగినది. మూలమున్నచో రేపటివారు మనకంటె మెరుగైన పనిముట్లతో మరల దిద్దుకొనగలరు. మూలము పోయినచో ఎవరును ఏమియు చేయజాలరు.